వాటర్లూ కోసం గ్రంథాలయంలో ఒక బల్ల

సంపాదకులు గారికి,

నమస్కారాలు.

గత వారం మీ పత్రికలోని పాఠకుల లేఖల శీర్షికలో మా ఊరివారొకరు రాసిన ఉత్తరం చదివాను. తిరుపతిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు వేసవి సెలవుల్లో పిల్లలను పోగుచేసి, బల్ల మీద బొమ్మ సైనికులను నిలబెట్టి, పాచికలు వేయించి, రెండు ఆదివారాల పాటు నెపోలియన్ యుద్ధాన్ని ఆడించాడనీ, ఇది పసిమనసుల్లో హింసను నాటడమేననీ, అంతగా ఆడించదలిస్తే మన గడ్డతో ఏ సంబంధమూ లేని ఫ్రెంచి చక్రవర్తి కథ ఎందుకనీ వారు ఆవేదన చెందారు. ఆ ఉపాధ్యాయుణ్ణి నేనే. వారి మాటల వెనుక పిల్లల మీది ప్రేమ కనిపిస్తోంది కనుక వాటిని తేలిగ్గా తీసుకోలేను. అలాగని ఊరుకోనూ లేను. ఆ ఉత్తరం అచ్చయిన మూడో రోజున, దసరా సెలవుల్లో మాకు హాలు ఇస్తామని ఒప్పుకున్న ఒక పాఠశాలవారు ఆ మాటను వెనక్కి తీసుకున్నారు. నెలల తరబడి బొమ్మలకు రంగులు వేసిన పిల్లలు నా దగ్గరికి వచ్చి ‘మేం చేసింది తప్పా సార్’ అని అడిగారు. వాళ్లకు ఇచ్చిన జవాబునే మీ పాఠకులకూ చెప్పుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా మేం చేసిందేమిటో ఉన్నదున్నట్టు చెబుతాను. 1815 జూన్ 18న, నేటి బెల్జియంలో, వాటర్లూ గ్రామానికి దక్షిణంగా ఉన్న రెండు మిట్టల నడుమ నెపోలియన్ సేనకూ, బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ నడిపిన మిత్రసేనకూ జరిగిన యుద్ధాన్ని బల్ల మీద పేర్చి ఆడాం. ఆనాడు నెపోలియన్ వెంట సుమారు 72 వేల మంది, 246 ఫిరంగులు ఉండగా, వెల్లింగ్టన్ వెంట సుమారు 68 వేల మంది, 156 ఫిరంగులు ఉన్నాయి. మధ్యాహ్నం దాటాక తూర్పు దిక్కు నుంచి వెల్లింగ్టన్‌కు తోడుగా, అప్పటి జర్మన్ రాజ్యమైన ప్రష్యా నుంచి బ్లూషర్ నాయకత్వంలోని ప్రష్యన్ దళాలు ఒకదాని వెనుక ఒకటిగా వచ్చి చేరడంతో పొద్దుగూకేసరికి వారి సంఖ్య 50 వేలకు చేరువైంది. మా ఇంటి భోజనాల బల్లకు ఇరుగుపొరుగువారు ఇచ్చిన రెండు బల్లలు జతచేసి 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు గల రణస్థలాన్ని సిద్ధం చేశాం. నేల మీది 500 మీటర్లకు బల్ల మీద ఒక అడుగు, 200 మంది సైనికులకు ఒక బొమ్మ అని లెక్క పెట్టుకున్నాం. ఆ లెక్కన ఫ్రెంచివారికి 360, వెల్లింగ్టన్‌కు 340, ప్రష్యన్లకు 250, వెరసి 950 బొమ్మలు కావలసివచ్చాయి. విదేశాల్లో ఈ వ్యాసంగం ఉన్నవారు లోహంతోనో ప్లాస్టిక్‌తోనో పోతపోసిన 28, 15, 6 మిల్లీమీటర్ల బొమ్మలను కొని, కోటు కాలరుకు కూడా విడిగా రంగు వేస్తారు. అంత స్తోమత మాకు లేదు. అట్టల మీద బొమ్మలు గీసి, రంగులద్ది, కత్తిరించి, శ్రీకాళహస్తి దారిలోని మాధవమాలలో కొయ్యబొమ్మలు చెక్కే ఒక పెద్దాయన ఊరికే ఇచ్చిన చెక్కముక్కల మీద అతికించాం. పాత దినపత్రికల కట్టలను పేర్చి మిట్టలుగా చేసి, వాటి మీద ఆకుపచ్చ రంగు అద్దిన దుప్పటి పరిచాం. మా ప్రాంతంలో దసరాకు బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో పెరిగిన పిల్లలు కావడంతో, ఏ బొమ్మ ఏ మెట్టు మీద ఉండాలో ఎంత శ్రద్ధగా చూసుకుంటారో, ఏ దళం ఏ మిట్ట వెనుక ఉండాలో అంతే శ్రద్ధగా చూసుకున్నారు.

ఈ ఆటను కాలక్షేపానికి ఎవరో నిన్నమొన్న కనిపెట్టలేదు. ప్రష్యాలో రైస్విట్జ్ అనే పౌర అధికారి 1812లో తమ రాజుకు ఇటువంటి ఆటబల్లను సమర్పించాడు. ఫిరంగిదళంలో లెఫ్టినెంటుగా ఉన్న ఆయన కుమారుడు దాన్ని సంస్కరించి, సిసలైన భూపటాల మీద ఆడేలా 1824లో నియమావళిని ప్రచురించాడు. దాన్ని చూసి మెచ్చుకుని, సైనికాధికారులందరికీ శిక్షణగా పనికివస్తుందని సిఫారసు చేసిన సేనాధిపతి పేరు మ్యుఫ్లింగ్. వాటర్లూ నాడు ప్రష్యన్ల తరఫున వెల్లింగ్టన్ శిబిరంలో ఉండి, రెండు సేనల నడుమ వార్తలు నడిపినవాడు ఆయనే. ఒక సేన మరో సేనను చేరుకోవడంలో క్షణాల ఆలస్యం ఎంత పని చేస్తుందో కళ్లారా చూసినవాడికి ఆ ఆట విలువ తక్షణమే అర్థమై ఉంటుందని నా ఊహ. ఇక ఇంగ్లండులో విలియం సైబోర్న్ అనే సైనికాధికారి వాటర్లూ రణరంగాన్ని నమూనాగా కట్టడం కోసం ఆ యుద్ధంలో పాల్గొన్న అధికారులకు ఉత్తరాలు రాసి, సాయంత్రం 7 గంటల వేళ ఎవరు ఎక్కడ ఉన్నారో అడిగి తెలుసుకుని, 70 వేలకు పైగా చిన్న చిన్న సైనికుల బొమ్మలను దానిపై నిలిపాడు. 1838లో జనం ముందుకు వచ్చిన ఆ నమూనా నేటికీ లండన్‌లోని సైనిక ప్రదర్శనశాలలో ఉంది. ఆనాడు ఆయనకు అందిన ఉత్తరాల కట్ట ఆ యుద్ధ చరిత్రకు ముఖ్యమైన ఆధారాల్లో ఒకటైంది. బొమ్మ ఎక్కడ నిలబెట్టాలన్న ప్రశ్న లేకపోతే ఆ ఉత్తరాలు రాసేవారే లేరు.

ఆట సాగే తీరు ఇది. అరగంట కాలాన్ని ఒక విడతగా లెక్కించాం. ఉదయం 11:30 నుంచి రాత్రి 9 గంటల దాకా 19 విడతలు. ప్రతి విడతలో దళాలు టేపుతో కొలిచినంత మేర కదులుతాయి. కాల్పుల ఫలితాన్నీ, దెబ్బతిన్న దళం నిలబడుతుందా వెనక్కి తిరుగుతుందా అన్నదాన్నీ పాచికలు తేలుస్తాయి. పాచిక అనగానే జూదం గుర్తొస్తుంది కానీ, ఇక్కడ పాచిక పని వేరు. అలసిన దళానికీ, ఒంటరిగా మిగిలిన దళానికీ, సేనానిని పోగొట్టుకున్న దళానికీ తక్కువ పందెం పడినా చాలు చెదిరిపోయేలా లెక్కలు ఉంటాయి. అంటే పిల్లవాడు పాచిక వేయడానికి ముందే, తన దళాన్ని ఆ స్థితికి ఎవరు తెచ్చారన్నది ఆలోచించాలి.

పదాతిదళాన్ని మూడు రకాలుగా నిలబెట్టవచ్చు. లైను, కాలమ్, స్క్వేర్ అని పుస్తకాల్లో ఉన్న పేర్లను పిల్లలు మొదటి రోజే అడ్డవరుస, నిలువువరుస, చదరం అని మార్చేసుకున్నారు. అడ్డవరుసలో అందరి తుపాకులూ శత్రువు వైపు పేలుతాయి కానీ కదలిక మందకొడిగా ఉంటుంది, పక్క నుంచి గుర్రాలు వస్తే గతి ఉండదు. నిలువువరుస వేగంగా నడుస్తుంది కానీ ముందున్న కొద్దిమంది మాత్రమే కాల్చగలరు, ఒక్క ఫిరంగి గుండు వరుస మొత్తాన్నీ తొలుచుకుంటూ పోతుంది. నాలుగు వైపులా బాయ్‌నెట్లు చాచి నిలిచిన చదరాన్ని గుర్రం తొక్కడానికి సాహసించదు. అదే చదరం ఫిరంగికి మాత్రం ఇట్టే దొరికిపోతుంది. కనుక గుర్రాలు, ఫిరంగులు, పదాతులు కలిసికట్టుగా వస్తే ఎదుటివాడికి ఏ వ్యూహమూ క్షేమం కాదు, విడివిడిగా వస్తే ప్రతిదానికీ విరుగుడు ఉంది. చతురంగ బలాలు అన్న మాటను మన పిల్లలు చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నా, నాలుగూ కలిసి ఎందుకు నడవాలో ఆ బల్ల దగ్గరే వారికి తెలిసింది. మరొక సంగతి. ఆనాటి తుపాకి గురి నమ్మదగినది 100 మీటర్ల లోపే కనుక మా బల్ల మీద అది రెండున్నర అంగుళాలకు మించలేదు. ఎదురెదురుగా ఉన్న సైనికులు అంత దగ్గరగా నిలబడి కాల్చుకున్నారా అని ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు టేపును మళ్లీ మళ్లీ పెట్టి చూశాడు. పాఠ్యపుస్తకంలో ‘భీకర పోరు జరిగింది’ అన్న వాక్యం ఆ రెండున్నర అంగుళాలను ఏనాడూ చూపలేదు.

మేం మా ఆటలో పెట్టుకున్న కఠినమైన నియమం ఒకటుంది. నెపోలియన్ పాత్రధారి బల్ల దగ్గరికి రాకూడదు. హాలు చివర కుర్చీలో కూర్చుని, తనకు కనిపించినంతే చూడాలి. ఆజ్ఞలను చీటీల మీద రాసి మధ్యవర్తినైన నా చేతికి ఇవ్వాలి. ఆ చీటీ తరువాతి విడతలో గానీ అందదు, ఒక్కోసారి రెండు విడతలు పడుతుంది. వెల్లింగ్టన్ తన దళాల్లో చాలావాటిని మిట్టకు అవతలి వాలులో ఉంచాడు కనుక, ఆ బొమ్మలను శత్రువు మిట్ట ఎక్కేదాకా బల్ల మీద పెట్టలేదు. ఖాళీగా కనిపించే ఆ ఆకుపచ్చ మిట్ట వైపు నెపోలియన్ పాత్రధారి గంటసేపు చూస్తూ ఉండిపోయాడు. రాత్రంతా కురిసిన వానకు నేల బురదైంది. బురదలో ఫిరంగులు కదలవు, నేలకు తగిలి ఎగిరి మళ్లీ దూకవలసిన గుండు అక్కడే కూరుకుపోతుంది. ‘తొమ్మిదికే మొదలుపెడతావా, నేల ఆరేదాకా ఆగుతావా’ అని అడిగితే, ఆ అబ్బాయి బాగా ఆలోచించి, నిజం నెపోలియన్ లాగానే పదకొండున్నర దాకా ఆగాడు. రెండో ఆదివారం సాయంత్రం, కుడివైపున ప్లాన్సెన్వా గ్రామం దగ్గర ప్రష్యన్ బొమ్మలు వరుసకట్టి దిగుతుంటే, వాడు తన చీటీల పుస్తకం మూసి, ‘పొద్దున్న వదిలేసిన ఐదు విడతలు ఇప్పుడుంటే బాగుండేది సార్’ అన్నాడు. ఆగడం తప్పని నేను చెప్పలేదు. ఉదయం వాడికి తెలిసిన దాన్నిబట్టి అది సరైన నిర్ణయమే.

నెపోలియన్ సేనానుల్లో ఒకడైన మార్షల్ నే (Ney) పాత్రను ఇంటర్ మొదటి సంవత్సరం చదివే అమ్మాయి తీసుకుంది. సాయంత్రం 4 గంటల ప్రాంతంలో మార్షల్ నే పదాతుల తోడు లేకుండానే అశ్వికదళాన్ని చదరాల మీదికి మళ్లీ మళ్లీ నడిపి, వేలాది రౌతులను వ్యర్థం చేశాడని చరిత్రలో ఆయనకు పెద్ద అపకీర్తి ఉంది. ఆ అమ్మాయి ముందే ఇదంతా చదువుకుని వచ్చి, తాను ఆ పొరపాటు చేయనని, గుర్రాల వెంట పదాతులనూ ఫిరంగులనూ తీసుకునే వెళతానని గట్టిగా చెప్పింది. తీరా ఆ విడత వచ్చేసరికి వెతికితే పదాతులు లేరు. ఒంటిగంటన్నరకు ముందుకు పంపిన ఫ్రెంచి సేనాని డెర్లాన్ దళం మిట్ట మీద ఇంగ్లిషు భారీ అశ్వికదళం దెబ్బకు చెదిరిపోయి ఇంకా కూడుకోలేదు. ఎడమవైపున మరో సేనాని రేయ్ దళం హుగుమోంట్ అనే పెద్ద రైతు ఇంటి తోటల్లో, గోడల దగ్గర చిక్కుకుపోయింది. మిగిలిన లోబో దళాన్నీ, ఆ తరువాత యువ గార్డు దళాన్నీ ప్రష్యన్లను ఆపడానికి చక్రవర్తి కుడివైపుకు తరలించేశాడు. ఆమె పదాతులు కావాలని చీటీ పంపింది. ఒక విడత గడిచాక, పంపడానికి ఎవరూ లేరని జవాబు వచ్చింది. ఎదురుగా వెల్లింగ్టన్ దళాలు మిట్ట అంచు నుంచి వెనక్కి జరుగుతున్నట్టు కనిపిస్తున్నాయి, ఇప్పుడు కొట్టకపోతే మళ్లీ అవకాశం రాదేమో అనిపిస్తోంది. ఆ అమ్మాయి చాలాసేపు నిలబడి, చివరికి గుర్రాలనే పంపింది. అవతలి పక్షం చదరాలు కట్టింది. మూడు విడతలు తిరిగేసరికి ఆమె రౌతుల్లో సగం మంది, దెబ్బతిన్న బొమ్మలను వేసే పళ్లెంలోకి చేరారు.

నేను 31 ఏళ్లు చరిత్ర చెప్పాను. ‘నే తొందరపాటు వల్ల ఫ్రెంచి అశ్వికదళం నాశనమైంది’ అన్న వాక్యాన్ని నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఆ వాక్యం అబద్ధం కాదు. అయితే ఆ తొందరపాటుకు ముందు మధ్యాహ్నమంతా వేరే చోట్ల, వేరేవాళ్ల చేతుల్లో ఏం ఖర్చైపోయిందో ఆ వాక్యంలో లేదు. ఆ అమ్మాయికి ఎవరూ పాఠం చెప్పకుండానే అది దొరికింది. ఆ రోజు ఇంటికి వెళ్లేముందు ఆమె మార్షల్ నే మీద తాను రాసుకున్న నోట్సు తీసి, ‘మూర్ఖుడు’ అన్న మాటను కొట్టేసింది.

లా హే సాంత్ సంగతి కూడా చెప్పాలి. వెల్లింగ్టన్ మిట్టకు ముందు, రహదారి పక్కనే ఉన్న రైతు ఇల్లు అది. ఇంగ్లండు కొలువులో ఉన్న జర్మన్ దళం, మేజర్ బేరింగ్ నాయకత్వాన, ఇంచుమించు 400 మందితో ఉదయం నుంచి దాన్ని పట్టుకుని ఉంది. గోడలు పడగొట్టలేక, తలుపులు విరగగొట్టలేక ఫ్రెంచివారు గంటల తరబడి తంటాలు పడ్డారు. సాయంత్రం 6 గంటల ప్రాంతంలో ఆ ఇల్లు పడిపోవడానికి కారణం లోపలివారి తుపాకులకు గుండ్లు అయిపోవడం. బేరింగ్ మళ్లీ మళ్లీ గుండ్లు కావాలని కబురు పంపినా అందలేదు. మా ఆటలో ఆ పాత్ర తీసుకున్నది బైరాగిపట్టెడలో చిన్న కిరాణా అంగడి నడిపే ఒకాయన కొడుకు. వాడు మూడో విడతలోనే ‘గుండ్లు పంపండి’ అని చీటీ రాశాడు. ఇప్పుడే ఎందుకు, ఇంకా చాలా ఉన్నాయి కదా అని పై అధికారి పాత్రధారి పట్టించుకోలేదు. సరుకు అయిపోయాక మార్కెట్‌కు వెళితే అంగడి మూసుకోవాలని మా నాయన చెబుతాడు అని ఆ పిల్లవాడు పట్టుబట్టి, విడత విడతకూ చీటీ పంపుతూనే ఉన్నాడు. ఎనిమిదో విడతకు గుండ్ల పెట్టె అందింది. మా బల్ల మీద లా హే సాంత్ చివరిదాకా పడిపోలేదు.

ఇక హింస గురించి. లేఖ రాసినవారి భయాన్ని నేను గౌరవిస్తాను, ఎందుకంటే అదే భయం మొదట్లో నాకూ ఉండేది. అందుకే బల్ల పక్కన ఒక పెద్ద స్టీలు పళ్లెం పెట్టి, దెబ్బతిన్న ప్రతి బొమ్మనూ దానిలోనే వేయాలనీ, ఎవరూ వాటిని తమ పెట్టెలోకి తీసుకోకూడదనీ నియమం పెట్టాను. చివరి విడత అయ్యాక ఎవరు గెలిచారన్న చర్చ మొదలయ్యే ముందే ఆ పళ్లేన్ని బల్ల మధ్యలో ఉంచి లెక్కపెట్టించాను. 214 బొమ్మలు. ఒక్కొక్కటి 200 మంది కనుక 42,800 మంది. నిజం వాటర్లూలోనూ మూడు సేనల్లో కలిపి చనిపోయినవారు, గాయపడినవారు 40 వేలకు పైమాటే. వేలాది గుర్రాలు వేరే. ఆ బొమ్మలన్నిటికీ రంగులు వేసింది ఆ పిల్లలే కనుక, ఎవరు వేసిన బొమ్మ ఏదో వాళ్లకు తెలుసు. గెలుపు చర్చ ఆ రోజు జరగనే లేదు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకామె, పళ్లెంలోకి తీసేసినవాళ్లలో బతికున్నవాళ్లు ఎక్కడికి పోయారు సార్ అని అడిగింది. నెపోలియన్ సేనలో ప్రధాన వైద్యుడుగా ఉండి, గాయపడినవారిని పోరు నడుస్తుండగానే తేలికపాటి గుర్రపుబండ్లలో తరలించే పద్ధతిని నెలకొల్పిన లారే గురించీ, ఆయన స్వయంగా వాటర్లూలో గాయపడి ప్రష్యన్లకు చిక్కి కొద్దిలో ప్రాణాలతో బయటపడడం గురించీ అప్పుడు చెప్పాను. తరువాతి వారం ఆ అమ్మాయి ఆంబులెన్సుల చరిత్ర మీద నాలుగు పేజీలు రాసి తెచ్చింది. చేతిలోని ఫోనులో పిల్లలు రోజూ ఆడే కాల్పుల ఆటల్లో పడిపోయిన మనిషి రెండు క్షణాల్లో మాయమైపోతాడు, ఎవడూ లెక్కపెట్టడు. ఆ లేఖకులు ఆ ఆటల గురించి రాసి ఉంటే వారితో నేనూ గొంతు కలిపేవాణ్ణి.

మన గడ్డతో నెపోలియన్‌కు ఏ సంబంధమూ లేదన్న మాటకు మాత్రం చరిత్ర ఉపాధ్యాయుడిగా గట్టిగా అభ్యంతరం చెప్పక తప్పదు. నెపోలియన్ 1798లో ఈజిప్టు మీదికి వచ్చాడు. 1799 జనవరిలో కైరో నుంచి టిప్పు సుల్తానుకు రాసిన ఉత్తరం దారిలోనే ఇంగ్లిషువారి చేతికి చిక్కింది. ఫ్రెంచివారూ మైసూరూ ఏకమవుతారన్న భయం ఆ ఏడాది ఈస్టిండియా కంపెనీ సేనలు శ్రీరంగపట్నం మీదికి నడవడానికి చెప్పిన ముఖ్య కారణాల్లో ఒకటి. ఆ సేన బయలుదేరింది మన చిత్తూరుకు పొరుగునే ఉన్న వేలూరు నుంచి. అందులో నిజాం దళాలతో కూడిన విభాగాన్ని నడిపినవాడు ఆర్థర్ వెల్లెస్లీ అనే కల్నల్. పదహారేళ్ల తరువాత వాటర్లూ మిట్ట మీద నెపోలియన్‌ను ఎదిరించిన వెల్లింగ్టన్ ఆయనే. 1799 మే 4న టిప్పు మరణించాడు. టిప్పు రాజ్యం నుంచి నిజాం వాటాకు వచ్చిన ప్రాంతాలను ఆయన 1800లో కంపెనీకి అప్పగించాడు. అవే దత్త మండలాలు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా కడప జిల్లాలో ఉన్న మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు వాటిలోవే. ఆ మండలాలకు తొలి ప్రధాన కలెక్టరుగా వచ్చి రైతువారీ పద్ధతిని నాటిన థామస్ మన్రో పేరు తిరుమలలో మన్రో గంగాళం రూపంలో నేటికీ వినబడుతూనే ఉంది. రాయలసీమ అని ఇప్పుడు మనం పిలుచుకునే నేల ఆ రూపంలో కంపెనీ చేతికి పోవడానికి దారితీసిన గొలుసులో నెపోలియన్ ఒక కడియం అని చెబితే, పదో తరగతి పిల్లలు అట్లాసు తెరిచి కైరో ఎక్కడో, వేలూరు ఎక్కడో వేళ్లతో కొలుచుకున్నారు.

అందుకే దసరాకు మేం తలపెట్టిన తరువాతి ఆట అసాయే. 1803 సెప్టెంబరు 23న, నేటి మహారాష్ట్రలో, అదే వెల్లెస్లీ మరాఠా సేనలను ఎదుర్కొన్న యుద్ధం అది. కైత్నా నదికి అటొక ఊరూ ఇటొక ఊరూ ఎదురెదురుగా ఉండడం చూసి, రేవు లేనిదే ఊళ్లు అలా వెలియవని ఊహించి ఆయన సేనను దాటించాడు. మరాఠా ఫిరంగుల కాల్పులకు, మిగతా పోరుకు కలిపి ఆయన సేనలో సుమారు 1,600 మంది చనిపోవడమో గాయపడడమో జరిగింది. తన యుద్ధాలన్నిటిలో గొప్పది ఏదని వృద్ధాప్యంలో అడిగితే ఆయన అసాయే పేరే చెప్పాడంటారు. స్కాట్లండు పటాలాలు రెండింటితో పాటు ఆ రోజు ఆ కాల్పులకు ఎదురు నడిచింది మద్రాసు సిపాయి పటాలాలు. మద్రాసు సైన్యంలో తెలుగువారు ఎంత పెద్ద సంఖ్యలో ఉండేవారంటే, ఉత్తరాదిన సిపాయికి ‘తిలంగా’ అన్న పేరే స్థిరపడిపోయింది. వాటర్లూలో చనిపోయినవారికి స్మారకాలు ఉన్నాయి, గ్రంథాలు ఉన్నాయి. అసాయేలో పడిపోయిన తెలుగు సిపాయి ఏ ఊరివాడో చెప్పే పలక ఒక్కటీ నా కంటపడలేదు. కనీసం ఒక బొమ్మగానైనా వాడు బల్ల మీద నిలబడాలని నా కోరిక. ఆ తరువాత మా పాకాల పక్కనున్న దామలచెరువు కనుమ ఉంది. 1740 మే 20న ఆర్కాటు నవాబు దోస్త్ అలీ, రఘూజీ భోంస్లే మరాఠాలతో పోరాడి చనిపోయింది అక్కడే. కనుమ ముఖాన్ని నవాబు కాపలా కాస్తుండగా మరాఠాలు వేరే దారిన వచ్చి మీదపడ్డారు. తిరుపతి నుంచి చిత్తూరుకు బస్సులో పోతూ ఆ కొండలను ప్రతివారం చూసే పిల్లలకు ఈ సంగతి తెలియదు. 1782 డిసెంబరు 7న హైదర్ అలీ కన్నుమూసిన నరసింగరాయనిపేట చిత్తూరు దగ్గరే అన్న సంగతీ తెలియదు. వాటర్లూతో మొదలుపెట్టడానికి కారణం ఒక్కటే. ఆ యుద్ధానికి గంటగంటకూ ఏం జరిగిందో లెక్కలు దొరుకుతాయి, పటాలు దొరుకుతాయి. నియమాలను దాని మీద సాధన చేస్తే, లెక్కలు సరిగా దొరకని మన యుద్ధాలను ఎలా కట్టుకోవాలో పిల్లలే నేర్చుకుంటారు. దామలచెరువు కోసం ఇద్దరు విద్యార్థులు ఇప్పటికే సెలవు రోజుల్లో కనుమ వాలులను అడుగులతో కొలిచి పటం గీస్తున్నారు.

పాఠశాల హాలు పోయింది కనుక నా విన్నపం గ్రంథాలయాల బాధ్యులకు. తిరుపతి, చిత్తూరు జిల్లాల గ్రంథాలయాల్లో వేసవి శిబిరాల పేరుతో పిల్లలకు చిత్రలేఖనం, కథలు చెప్పడం, చదరంగం నేర్పుతున్నారు. చాలా మంచి పని. చదరంగం నేర్పే గదిలోనే మరో మూలన మా బల్లకూ చోటివ్వండి. డబ్బు అడగడం లేదు. బొమ్మలు, పటాలు, నియమాలు తెలుగులో రాసిన పుస్తకం, పాచికలు మేమే తెచ్చుకుంటాం. ప్రతి ఆట తరువాత పిల్లలు రాసే వ్యాసాలను గ్రంథాలయానికే ఇస్తాం. విమర్శ రాసిన పెద్దమనిషిని కూడా సవినయంగా ఆహ్వానిస్తున్నాను. ఒక్క పూట వచ్చి పిల్లల పక్కన కూర్చుని చూడమని, వీలైతే ఆ స్టీలు పళ్లెం పక్కన కూర్చుని లెక్క తామే పెట్టమని ప్రార్థిస్తున్నాను. అప్పటికీ వారి అభిప్రాయం మారకపోతే ఆ మాటను పిల్లల ముందే చెప్పమనండి, వాళ్లు వింటారు.

మాకు కావలసింది 12 అడుగుల బల్ల పట్టి, చుట్టూ మనిషి తిరగడానికి చోటున్న గది. ఆట జరుగుతున్నంతసేపు ఫ్యాను ఆపుకోవడానికి అనుమతి కూడా కావాలి, కాగితపు సైనికులు గాలికి నిలబడరు. కిటికీలు పెద్దవైతే మంచిది.

ఇట్లు,
విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు,
బైరాగిపట్టెడ, తిరుపతి.